రోజువారీ ఆరోగ్యపు అలవాట్లు: కొత్తవి చేర్చడం కన్నా ఉన్నవాటిని కొలుచుకోవడం మేలు

నమస్కారం. మీ ప్రశ్నను శ్రద్ధగా చదివాను. హన్మకొండలో ఉంటూ పరకాల వైపు ఒక పాఠశాలకు రోజూ బైకు మీద వెళ్లివచ్చే ఉపాధ్యాయులు మీరు. వయసు 42. ఇంట్లో మీరు, మీ శ్రీమతి, తల్లిదండ్రులు, చదువుకుంటున్న ఒక బాబు ఉన్నారు. నాన్నగారికి చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయనీ, ఈమధ్యనే ఆయన కాలి వేలు ఒకటి తీసివేయవలసి వచ్చిందనీ రాశారు. ఆ భయంతో వీడియోలలో చూసినవన్నీ, అంటే పరగడుపున తేనె, నిమ్మరసం కలిపిన వేడినీళ్లు, నానబెట్టిన మెంతులు, చియా గింజలు, సాయంత్రం కషాయం మొదలుపెట్టి నెల తిరగకముందే మానేశారు. నిజంగా పనికివచ్చే, మామూలు మనిషి జీవితాంతం పాటించగలిగే అలవాట్లు ఏవని అడిగారు. వరంగల్ ప్రాంతంలో ఎన్నో ఏళ్లుగా షుగరు, బీపీ ఉన్నవారికి వైద్యం చేస్తున్న ఫిజీషియన్‌గా నాకు తెలిసినంత వరకు వివరంగా చెబుతాను.

ముందుగా, మానేసినవాటి గురించి మీరు బాధపడవలసిన పని లేదు. నిమ్మరసం నీళ్ల వల్ల కీడేమీ జరగదు, మెంతులూ మంచివే. కానీ నాన్నగారికి వచ్చిన జబ్బు మీకు రాకుండా ఆపేంత శక్తి వాటికి లేదు. తేనె విషయానికి వస్తే, శరీరం దానిని చక్కెరలాగానే తీసుకుంటుంది. అంతకన్నా ఎంతో బలమైన విషయాలు మీ ఇంట్లో ఇప్పటికే రోజూ జరుగుతున్నాయి: అన్నం వండటం, కూరలో ఉప్పు వేయడం, తిన్న తర్వాత కూర్చుండిపోవడం, రాత్రి ఎప్పుడో పడుకోవడం. వీటి కొలతనూ వేళనూ సరిచేసుకోవడమే నా దృష్టిలో అసలు పని. కొత్తగా తెచ్చిపెట్టుకున్న అలవాటు ఇంట్లో పెళ్లి వచ్చినా, పిల్లవాడికి జ్వరం వచ్చినా ఆగిపోతుంది. అన్నం వండటం మాత్రం ఏ రోజూ ఆగదు కాబట్టి, మార్పును అక్కడే పెట్టుకోవాలి.

తండ్రికి షుగరు ఉంటే కొడుకుకు రాక తప్పదని మన దగ్గర చాలామంది ముందే చేతులెత్తేస్తారు. ముప్పు ఎక్కువన్నది నిజమే కానీ, అది తప్పించుకోలేనిది మాత్రం కాదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు ముందు దశలో, అంటే రక్తంలో చక్కెర మామూలుకన్నా పెరిగినా ఇంకా జబ్బు హద్దు దాటని దశలో ఉన్న 500 మందికి పైగా భారతీయుల మీద చేసిన అధ్యయనం 2006లో ప్రచురితమైంది. మామూలు సలహాతో సరిపెట్టుకున్నవారిలో మూడేళ్లలో దాదాపు 55 శాతం మందికి షుగరు రాగా, తిండిలోనూ నడకలోనూ మార్పు చేసుకున్నవారిలో అది సుమారు 39 శాతానికే పరిమితమైంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలో వచ్చిన ఫలితం కూడా దాదాపు ఇంతే. అంటే తిండి, నడక కలిసి ఒక మంచి మందుకు సమానంగా పనిచేశాయి. ఆ అధ్యయనంలో వారిని చేయమన్నదల్లా చక్కెర, మైదా, నూనె తగ్గించడం, పీచు ఉన్న ఆహారం తినడం, రోజుకు అరగంటకు తగ్గకుండా నడవడం.

ఇక అన్నం సంగతి. మన తాతల కాలంలో కంచం నిండా అన్నం తిన్నవారు నాట్లు వేశారు, కలుపు తీశారు, బండ్లు తోలారు. ఇప్పుడు కంచంలో అన్నం అంతే ఉంది, ఒంటి పని మాత్రం పోయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, రోజుకు 2,000 కిలోకేలరీలు అవసరమయ్యే మనిషికి బియ్యం, గోధుమ, జొన్న, రవ్వ అన్నీ కలిపి 250 గ్రాములు చాలంటున్నాయి. ఇది వండకముందు తూకం. దీనితోపాటు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, పల్లీల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండాలి. మన కంచంలో ఈ లెక్క సాధారణంగా తలకిందులుగా ఉంటుంది: అన్నం రెండింతలు, పప్పు సగం, కూర అన్నం కలుపుకోవడానికి సరిపోయేంత.

గ్రాముల లెక్క రోజూ ఎవరూ వేయలేరు కాబట్టి నేను బస్తాతో లెక్క చెబుతాను. మన ఇళ్లకు బియ్యం 25 కిలోల బస్తాగా వస్తుంది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి రోజుకు కిలో ధాన్యం చాలు గనుక, గోధుమ పిండి, ఇడ్లీ రవ్వ, అటుకులు ఏవీ వాడని ఇంట్లో కూడా ఆ బస్తా 25 రోజులు రావాలి. టిఫిన్లకు వేరే పిండీ రవ్వా వాడుతున్న ఇంట్లో ఇంకా ఎక్కువ రోజులు రావాలి. పొలం పనో హమాలీ పనో చేసేవారికి ఈ లెక్క వర్తించదు, వారికి ఎక్కువే కావాలి. మీ బాబు ఎదిగే పిల్లవాడు, అతడి కడుపు కట్టవద్దు. మిగిలిన పెద్దవారి కోసం మాత్రం ఈసారి బస్తా విప్పిన రోజు తేదీని దాని మీదనే పెన్నుతో రాసి పెట్టండి. అది 16, 17 రోజులకే ఖాళీ అయితే, ఎవరిని నిందించవలసిన అవసరమూ లేకుండా ఇంట్లోవారందరికీ విషయం అర్థమవుతుంది.

తగ్గించే పద్ధతి కూడా ముఖ్యమే. కంచంలో అన్నం సగం చేసి ఊరుకుంటే సాయంత్రం నాలుగింటికి ఆకలి వేసి మిర్చి బజ్జీల బండి దగ్గర తేలతారు. అన్నం తగ్గించిన మేరకు పప్పు, కూర పెరగాలి. వడ్డించుకునే వరుస మార్చండి: ముందు కూర, పప్పు కంచంలో సగానికి పైగా పెట్టుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. మారు వడ్డించుకోవాలనిపిస్తే కూర, పప్పు, పెరుగు వడ్డించుకోండి, అన్నం వద్దు. ఆలుగడ్డ కూరను కూరగాయల లెక్కలో వేయకండి, అది అన్నం కోవలోనిదే. సాయంత్రపు ఆకలికి మన ప్రాంతపు గుడాలను మించినది నాకు తెలియదు. బొబ్బెర్లో, పెసర్లో, శనగలో నానబెట్టి ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి తాలింపు పెడితే పప్పు కోటా కూడా అందులోనే తీరిపోతుంది. పచ్చిపులుసుతో అన్నం తినే రోజున పక్కన గుడ్డో ముద్దపప్పో లేకపోతే ఆ భోజనంలో మాంసకృత్తులు దాదాపు లేనట్టే లెక్క.

జొన్న రొట్టె, జొన్న రవ్వతో వండే గట్క గురించి కూడా అడిగేవారు చాలామంది. రెండూ మంచివే. వాటిలోని పీచు వల్ల కడుపు తొందరగా నిండుతుంది, కొంచెం తింటేనే చాలనిపిస్తుంది. వాటి మేలంతా ఆ కొంచెంలోనే ఉంది. మూడు రొట్టెలు తిని, చివరన పెరుగన్నం కూడా తింటే షుగరుకు ఒరిగేదేమీ ఉండదు. తెలంగాణ సోనా అని పిలిచే ఆర్ఎన్ఆర్ 15048 బియ్యం సంగతీ అంతే. రక్తంలో చక్కెరను మిగతా రకాలకన్నా నెమ్మదిగా పెంచుతుందని దానికి పేరుంది, తినవచ్చు. కానీ ‘షుగరు బియ్యం’ అని రెండు గరిటెలు ఎక్కువ పెట్టుకుంటే ఆ లాభం కాస్తా పోతుంది.

ఆకుకూరల మీద మన వాళ్లకు ఉన్న ప్రేమను నిలబెట్టుకోవాలి. పుంటికూర, గంగవాయిలి కూర, బచ్చలి, తోటకూర మన అంగళ్లలో ఇప్పటికీ అందుబాటు ధరకే దొరుకుతాయి. మీ ఇంట్లో ఆడవారి విషయంలో ఇది మరింత అవసరం, ఎందుకంటే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పైన నిమ్మకాయ పిండుకోవాలి, భోజనం అయిన వెంటనే చాయ్ తాగకూడదు. కనీసం గంట ఎడం ఉండాలి. చాయ్ గురించి మరొక మాట: కప్పుకు రెండు చెంచాల చక్కెర చొప్పున నాలుగు కప్పులు తాగితే రోజుకు 40 గ్రాముల చక్కెర లోపలికి వెళ్తుంది. విడిగా కలిపే చక్కెర రోజుకు 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపు ఉంటే మరింత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాఠశాలలో ప్రతి విరామానికీ చాయ్ వస్తుందని నాకు తెలుసు. మానవలసిన అవసరం లేదు, రెండు కప్పులకు, కప్పుకు ఒక చెంచాకు రండి.

ఉప్పు విషయంలో మన ప్రాంతం మరింత జాగ్రత్తగా ఉండాలి. కారం, పులుపు ఎక్కువైన చోట ఉప్పు కూడా తెలియకుండానే ఎక్కువ పడుతుంది, నాలుక దానిని గుర్తించదు. ఒక మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇందులో కూర, పప్పు, పచ్చడి, అప్పడం, బేకరీ బిస్కెట్టు, సంక్రాంతికి చేసి డబ్బాలో దాచుకున్న సకినాలు, అన్నిటిలోని ఉప్పూ కలిసి ఉంటుంది. ఇక్కడ కూడా ప్యాకెట్టుతో లెక్క చూసుకోవచ్చు. నలుగురికి రోజుకు 20 గ్రాములంటే కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. బయట కొనే తిండిలోని ఉప్పు ఈ లెక్కలోకి రాదు కనుక, అసలైతే ఇంకా ఎక్కువ రోజులు రావాలి. నెలలోపే ప్యాకెట్టు అయిపోతున్న ఇంట్లో బీపీ మాత్రలు ఎన్ని మార్చినా అదుపు కష్టమవుతుంది. ఇది నేను తరచుగా చూసే విషయం.

తగ్గించడం ఒక్కసారిగా చేయకండి. మీ శ్రీమతి గారో అమ్మగారో కూరలో వేసే చెంచాను కొంచెం చిన్నదిగా మార్చి, కొన్ని వారాలు ఆగి, మళ్లీ కొంచెం తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. పెరుగన్నంలో ఉప్పు కలపడం, జామకాయ మీద ఉప్పుకారం చల్లుకోవడం, భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా పెట్టుకోవడం మాత్రం ఈ రోజే మానవచ్చు. మామిడికాయ పచ్చడి పూర్తిగా మానమని నేను ఎవరికీ చెప్పను, ఆ మాట ఎవరూ వినరని తెలుసు. ముద్దముద్దకూ కలుపుకునే బదులు ఒక చిన్న ముక్క నంజుకోండి. సైంధవ లవణం మామూలు ఉప్పుకన్నా మంచిదని కొంటున్నవారు గమనించవలసింది ఏమిటంటే, అది కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా చాలా రకాలలో అయోడిన్ ఉండదు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పులు బీపీకి మేలు చేసేవే అయినా, కిడ్నీ సమస్య ఉన్నవారికీ కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారికీ అవి ప్రమాదకరం. కాబట్టి నాన్నగారి కిడ్నీ పరీక్ష చూడకుండా ఆ ఉప్పును మీ ఇంట్లోకి తేవద్దు.

నూనెకు కూడా ఇదే కొలత చెప్పి ముగిస్తాను: నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. ఏ నూనె అన్న చర్చకన్నా ఎంత నూనె అన్నదే ముఖ్యం.

నడక గురించి మీరు ‘పొద్దున లేవలేకపోతున్నాను’ అని రాశారు. పొద్దున్నే లేచి వడ్డెపల్లి చెరువు కట్ట మీదనో భద్రకాళి చెరువు కట్ట మీదనో గంటసేపు నడిచేవారిని చూసి, అలా కుదిరితేనే నడక అని చాలామంది అనుకుంటారు. వారానికి మొత్తం 150 నిమిషాలు, కాస్త ఊపిరి వేగం పెరిగేలా ఒళ్లు కదిలితే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది ఏ వేళ అయినా, ఎన్ని ముక్కలుగా అయినా కావచ్చు. షుగరు ముప్పు ఉన్న మీలాంటివారికి నేను భోజనం తర్వాతి నడకనే ముందుగా సూచిస్తాను. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వచ్చే సమయంలో కాళ్ల కండరాలు పనిచేస్తుంటే ఆ చక్కెరను అవి వాడుకుంటాయి, అందువల్ల తిన్న తర్వాత పెరిగే షుగరు అంతగా పెరగదు. రాత్రి భోజనం కాగానే చేయి కడుక్కుని, ఫోను ఇంట్లో పెట్టి, మీ వీధిలోనే పావుగంట నడవండి. మీ శ్రీమతి గారు కూడా వస్తే ఇద్దరికీ మాట్లాడుకునే సమయం దొరుకుతుంది, నడక కూడా ఆగదు. మధ్యాహ్నం పాఠశాల ఆవరణలో పది నిమిషాలు నడిచినా వారం లెక్క దాదాపు నిండుతుంది. ఒకటే జాగ్రత్త: ఈ నడక మరీ నెమ్మదిగా సాగకూడదు, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి.

నడకతోపాటు కండరాలకు బలం కావాలి, మన దగ్గర దీనిని పూర్తిగా మరచిపోతున్నాం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం పది పన్నెండుసార్లు, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి రావడం మరో పదిసార్లు, వారానికి రెండు మూడు రోజులు చేయండి. మీ అమ్మగారు కూడా కుర్చీ వ్యాయామాన్ని తనకు వీలైనంత చేయవచ్చు, మోకాళ్ల నొప్పులకు కూడా అది మంచి సాయం. జగిత్యాల, కోరుట్ల వైపు రోజంతా కాళ్లు ముడుచుకుని బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకైతే గంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయమని ప్రత్యేకంగా చెబుతుంటాను. సాయంత్రం ఒక్కసారి నడిచినంత మాత్రాన రోజంతా కూర్చున్న నష్టం పూర్తిగా తీరదు.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వేళలు మార్చుకోవాలి. మన వైపు ఎండ 42, 43 డిగ్రీలు సులభంగా దాటుతుంది, రామగుండం వైపు ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో పొద్దున ఏడు లోపు, లేదా రాత్రి భోజనం తర్వాత నడవండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి. చెమట బాగా పట్టి నీరసించినప్పుడు కూల్‌డ్రింకుకన్నా లీటరు నీటిలో కలిపిన ఓఆర్ఎస్ ప్యాకెట్టు మంచిది. మామూలు రోజుల్లో, ముఖ్యంగా బీపీ, షుగరు ఉన్న నాన్నగారికి దానిని పానీయంలా ఇవ్వకూడదు, అందులో ఉప్పు, గ్లూకోజు రెండూ ఉంటాయి.

నిద్రను అలవాట్ల జాబితాలో చివర వేసే పద్ధతి మంచిది కాదు. పెద్దవారికి రాత్రి ఏడు గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. అది తగ్గితే మరునాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదకు మనసు పోతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, బీపీ కూడా పెరుగుతుంది. మీరు రాత్రి పదకొండున్నరకు పడుకుని ఐదింటికి లేచి నడవాలనుకున్నారు. అలా నిద్రను కోసి నడకకు పెట్టడం వల్ల రెండూ చెడ్డాయి. భోజనాన్ని ఎనిమిదికి జరపగలిగితే నడక, నిద్ర రెండూ వాటంతట అవే దారిలో పడతాయి. భూపాలపల్లి, రామగుండం, మందమర్రి గనుల్లో రాత్రి షిఫ్టు చేసేవారికి ఇది ఇంత సులభం కాదు. వారు అసలు భోజనాన్ని షిఫ్టుకు ముందే ముగించి, రాత్రి తేలికైనది ఏదైనా తిని, ఇంటికి వచ్చాక కిటికీకి మందపాటి పరదా వేసి చీకటి గదిలో పడుకోవాలి. గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగినట్టయ్యేవారు, పగలు కూర్చున్నచోటే కునికేవారు తప్పకుండా వైద్యుడిని కలవాలి, ఎందుకంటే ఆ నిద్ర లోపం వల్లనే బీపీ అదుపులోకి రాని సందర్భాలు ఉన్నాయి.

పొగాకు విషయంలో కొలత అన్న మాటకే తావు లేదు. సిగరెట్టయినా, బీడీ అయినా, అంబర్, ఖైనీ, గుట్కా అయినా పూర్తిగా మానవలసిందే. షుగరు ఉన్నవారి కాళ్లకు రక్తం అందకుండా చేసేవాటిలో పొగాకు ముందుంటుంది. మానడానికి సాయం కావాలంటే 1800-112-356 అనే ప్రభుత్వ ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు. మద్యం కూడా ఏ కొద్ది అయినా గుండెకు మంచిదన్న మాటను నమ్మవద్దు.

ఇప్పుడు పరీక్షలు. మీ వయసులో, మీ కుటుంబ చరిత్రతో, మీ బీపీ, షుగరు అంకెలు మీకు తెలియకపోవడం అన్నిటికన్నా పెద్ద లోటు. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. ముందు దశలో ఒంట్లో ఏ బాధా తెలియదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్షలు ఉచితంగా చేస్తారు, మీ ప్రాంతపు ఆశా కార్యకర్తను అడిగితే చెబుతారు. పరగడుపు షుగరు 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 ముందు దశ, 126 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మరోసారి చేయించి నిర్ధారించుకోవాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ముందు దశ, 6.5 నుంచి షుగరు. అయితే రక్తహీనత ఉన్నవారిలో ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే బరువు మామూలుగానే ఉన్నా ముప్పు ఉన్నట్టే. దానిని ప్యాంటు సైజుతో అంచనా వేయవద్దు, మనవారు ప్యాంటును పొట్ట కిందికి కట్టుకుంటారు. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, బట్టల మీద కాకుండా, ఊపిరి వదిలాక టేపుతో కొలవండి.

బీపీ చూపించుకునే తీరులోనే చాలా పొరపాట్లు జరుగుతాయి. బైకు దిగి మెట్లెక్కి వచ్చి కూర్చోగానే చూపించుకుంటే ఆ అంకెకు విలువ లేదు. అరగంట ముందు నుంచి చాయ్, సిగరెట్టు ఉండకూడదు, మూత్రానికి వెళ్లి రావాలి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. రెండుసార్లు చూసి, వేర్వేరు రోజుల్లో 140/90 లేదా అంతకన్నా ఎక్కువ వస్తుంటే అది బీపీ. నాన్నగారి కోసం ఇంట్లో మీటరు ఉందని రాశారు కాబట్టి మీరూ వాడుకోండి. ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85నే హద్దుగా పెట్టుకోండి.

నాన్నగారి పాదాల పరిశీలన కూడా ఇంటి అలవాట్లలో చేరాలి. ఒక వేలు పోయినవారికి మళ్లీ పుండు పడే ప్రమాదం ఎక్కువ. రోజూ రాత్రి వెలుగులో ఎవరైనా ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు చూసి, ఎరుపు, పగులు, బొబ్బ ఏది కనిపించినా మరునాడే వైద్యుడికి చూపించాలి. స్పర్శ తగ్గిన కాళ్లను వేడినీళ్లలో పెట్టకూడదు, ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవనివ్వకూడదు. చెప్పు వేసుకునే ముందు దులిపి, లోపల చేయి పెట్టి చూడాలి. చిన్న రాయి గుచ్చుకున్నా ఆయనకు తెలియకపోవచ్చు.

చేయవలసినవాటితోపాటు మానవలసిన కొన్ని అలవాట్ల గురించి చెప్పకపోతే ఈ సమాధానం అసంపూర్ణమవుతుంది. నీరసంగా ఉందని సెలైన్ ఎక్కించుకోవడం మన పల్లెల్లోనూ పట్నంలోనూ పాతుకుపోయింది. అరలీటరు నార్మల్ సెలైన్ సీసాలో ఉన్నది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే ఒక మనిషి రోజంతా తినదగిన ఉప్పు దాదాపు అంతా. ఐదు శాతం గ్లూకోజు సీసా అయితే 25 గ్రాముల చక్కెర. వాంతులతో నోటి ద్వారా ఏమీ నిలవని మనిషికి అది ప్రాణాధారం. నడిచి వచ్చిన మనిషికి డబ్బు ఖర్చు తప్ప బలం రాదు, బీపీ, షుగరు ఉన్నవారికి హాని కూడా. మోకాళ్ల నొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి మాత్రలు ఇంకా పెద్ద ప్రమాదం. షుగరు వల్ల ఇప్పటికే భారం పడిన కిడ్నీలను అవి దెబ్బతీస్తాయి, బీపీని పెంచుతాయి. కిడ్నీలు చెడిపోయి నా దగ్గరికి వచ్చినవారిలో ఏళ్ల తరబడి ఈ మాత్రలు మింగినవారిని చూసినప్పుడు నిజంగా మనసుకు కష్టమనిపిస్తుంది, ఎందుకంటే అది పూర్తిగా తప్పించగలిగిన నష్టం. మీ అమ్మగారు అలాంటివి వాడుతుంటే ఈ రోజే ఆపించి వైద్యుడిని అడగండి.

గ్యాస్ అన్న మాటతో ఛాతీ నొప్పిని కొట్టిపారేయడం మరొకటి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు, ఆయాసం వస్తే గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లవారేదాకా చూడకూడదు. షుగరు ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, చెమటలతోనే గుండెపోటు రావచ్చు. వెంటనే 108కి ఫోను చేయాలి, బైకు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, అన్నీ ఒకేసారి వద్దు. ఈ నెల బస్తా, ఉప్పు ప్యాకెట్టు మీద తేదీలు రాయడం, రాత్రి భోజనం తర్వాత నడక, ఈ రెండే. ఈలోగా ఒకరోజు వెళ్లి బీపీ, పరగడుపు షుగరు, నడుము కొలత రాయించుకోండి. రెండో నెలలో చాయ్ చక్కెర, కంచంలో వరుస. ఆ తర్వాత కుర్చీ వ్యాయామం. పెళ్లిళ్ల కాలంలో, బతుకమ్మ, దసరా దావతులలో లెక్క తప్పుతుంది, తప్పనివ్వండి. మరునాడు పొద్దున మీ ఇంటి వంటతో మళ్లీ మామూలైపోతే చాలు. నాన్నగారికి విడిగా పథ్యం వండటం మానేసి అందరూ ఒకే వంట తినండి, ఆయన ఒక్కరే శిక్ష అనుభవిస్తున్నట్టు అనుకోకుండా ఉంటారు. అయితే అన్నం తగ్గేకొద్దీ ఆయన షుగరు మాత్రలు లేదా ఇన్సులిన్ మోతాదు మార్చవలసి రావచ్చు కనుక వైద్యుడికి ముందే చెప్పి మొదలుపెట్టండి. మీ బరువు ఎక్కువగా ఉంటే అందులో 5 నుంచి 7 శాతం తగ్గినా చాలు, షుగరు ముప్పు బాగా తగ్గుతుంది.

ఆరు నెలల తర్వాత పరీక్షలు మళ్లీ చేయించండి. ఇన్ని చేసినా పరగడుపు షుగరు 126 దాటి నిర్ధారణ అయితే, లేదా బీపీ 140/90 దగ్గరే నిలిచిపోతే, ఇంకొన్నాళ్లు తిండితోనే చూద్దామని వాయిదా వేయకుండా మందు మొదలుపెట్టండి. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాలన్న భయంతో మాత్రలు ఆలస్యం చేసినవారికే కళ్లు, కిడ్నీలు, కాళ్లు ముందుగా దెబ్బతింటున్నాయి. మందు వాడుతున్నప్పుడు కూడా పై అలవాట్లన్నీ యథాతథంగా కొనసాగాలి, అప్పుడే తక్కువ మోతాదుతో అదుపు సాధ్యమవుతుంది. పరీక్షల ఫలితాలు వచ్చాక, మీ ఎత్తు, బరువు, నాన్నగారు వాడుతున్న మందుల పేర్లు కలిపి ఇక్కడే రాయండి, వాటిని చూసి తర్వాతి సంగతి చెబుతాను.